యాప్ చెప్పిన గుంటలు నమ్మొచ్చా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు ఎకరం బత్తాయి తోట ఉంది. కొలత యాప్ ఆన్ చేసి గట్టు వెంట నడిస్తే పొద్దున 37 గుంటలు, సాయంత్రం 44 గుంటలు చూపించింది. పక్క రైతుతో పేచీ నడుస్తోంది. ఏ లెక్క పట్టుకోవాలి?

రెండూ వదిలేయండి. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు దాదాపు 209 అడుగులు. ఫోన్ జీపీఎస్ ఆరుబయటే 10–15 అడుగులు అటూఇటూ పోతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. గీత నలువైపులా ఐదడుగులు బయటికి జరిగితే చాలు, నాలుగు గుంటలు పెరిగిపోతాయి. ఇంత తేడా పెట్టుకుని యాప్ మాత్రం దర్జాగా దశాంశాలు కూడా వేస్తుంది. చేసినవాళ్లకు సిగ్గుండాలి.

అంచనాకైతే నడవకుండా ఒక్కో మూలన రెండు నిమిషాలు నిలబడి పాయింట్ పెట్టండి. డ్రిప్ పైపుల లెక్కకు సరిపోతుంది. హద్దు మాత్రం టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) చూసి సర్వేయరే తేల్చాలి. 1960లలో కెనడాలో జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాపుల పద్ధతి మొదలైంది నేల, అడవి, పంట వివరాలను పొరలుగా పేర్చి చూడటానికి. ఫోన్‌లోకి రాగానే మనం దాన్ని సర్వే గొలుసు చేసేశాం.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. పొలం కొలిచే యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో పనేంటి? వాట్సాప్‌లో ‘భూమి సర్వే’ పేరుతో వచ్చిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కించే యాప్) వేసుకుని, మెసేజ్‌ల అనుమతి ఇచ్చారంటే ఓటీపీలు నేరుగా దొంగ చేతికే. లొకేషన్ ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టి, ఎస్సెమ్మెస్, కాంటాక్టుల అనుమతులు తీసేయండి. ఆధార్, పాసుపుస్తకం ఫొటో అడిగితే యాప్‌నే పీకేయండి. ఏపీకే ఇప్పటికే వేసుకున్నారా? ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి, వేరే ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930.

ప్రశ్న: మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో నల్లగొండ డేటా పక్కన నారాయణపేట చెరువుల లేయర్ వేస్తే బంగాళాఖాతంలో పడుతోంది. ఎందుకు?

జోన్ తప్పింది. భూమిని ఆరేసి డిగ్రీల నిలువు జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో నల్లగొండ 44వ జోన్, నారాయణపేట 43. రెంటినీ విడదీసే 78 డిగ్రీల రేఖ మహబూబ్‌నగర్ పక్కనుంచే పోతుంది. 43వ జోన్ లెక్కలకు 44 అని పేరు పెడితే చెరువులు 600 కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరుగుతాయి. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘సెట్ లేయర్ సీఆర్ఎస్’లో (లేయర్ ఏ లెక్కలో ఉందో చెప్పే చోటు) 43వ జోన్ కోడ్ 32643 ఇవ్వండి. నల్లగొండ డేటాతో కలపాలంటే ఆ తర్వాతే 44వ జోన్ కోడ్ 32644లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. ముందే చేస్తే తప్పు శాశ్వతంగా ఫైల్లోకి ఎక్కుతుంది.