ఒక్కదానివే మోయకు తల్లీ

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఎనిమిదో తరగతిలో పదిమందికి భాగహారం కూడా రావడం లేదని, సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక కూర్చోబెట్టి చెబుతున్నానని రాశావు. సంతోషం. కానీ ఆ పదిమంది గురించి తెలుగు మాస్టారు, సైన్స్ టీచరు, ఆటలు నేర్పే పీఈటీ సారు ఏమంటున్నారో ఒక్క ముక్క కూడా రాయలేదు. ముందు వాళ్ళని అడుగు.

ప్రైమరీలో ఒకే టీచరు పిల్లాణ్ణి రోజంతా చూస్తారు. హైస్కూల్లో పీరియడ్‌కి ఒకరం వెళ్తాం. లెక్కల్లో వీక్, సోషల్లో వీక్ అని ఎవరి రిజిస్టర్లో వాళ్ళం రాసుకుంటాం. వాడి అసలు కష్టం ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

నా క్లాసులో ఒక పిల్లాడు ఉండేవాడు. చుట్టుకొలత లెక్క ఇస్తే ఖాళీ కాగితం ఇచ్చేవాడు. ఓ రోజు లెక్కల టీచరు ప్రశ్న తనే పైకి చదివి, "పొలం చుట్టూ కంచె వేయాలిరా, ఎన్ని మీటర్ల తీగ కావాలి?" అని అడిగితే నోటితోనే చెప్పేశాడు. ఆవిడ స్టాఫ్‌రూంలో ఈ మాట అనగానే నాకు విషయం తెలిసింది. వాడు 'దీర్ఘచతురస్రం' దగ్గరే ఆగిపోతున్నాడు. వాడికి ఒత్తులు రావు. ఆ నెలంతా నేను ఒత్తులు పట్టుకున్నాను, సోషల్ మాస్టారు రోజూ పాఠంలో రెండు లైన్లు వాడితో చదివించారు, లెక్కల టీచరు ప్రశ్నలు చదివి వినిపించింది. ముగ్గురం ఒకే పని మీద ఉన్నాం కాబట్టి వాడు కదిలాడు. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి కదా, ఏదీ చదవలేని పిల్లాడికి రెండూ ఒకటే. అందుకే భాగహారం కన్నా ముందు చదవడం చూడు.

హెచ్ఎం గారిని అడిగి వారానికి ఒక అరగంట తీసుకోండి. ఒక్కసారికి ఒక్క పిల్లాడి గురించే మాట్లాడండి, మహా అయితే ఇద్దరు. పదిమందినీ ఒకేసారి ముందేసుకుంటే అది మార్కుల మీటింగ్ అయిపోతుంది. కొత్తగా డీఎస్సీలో వచ్చినదానివి, సీనియర్ల దగ్గరికి ఫిర్యాదులాగా వెళ్ళకు. "మీ క్లాసులో వీడు ఏది బాగా చేస్తాడు సార్?" అని అడుగు. ఆ ప్రశ్నకి ఎవరూ ముఖం చిట్లించరు. లేచేముందు ఎవరు ఏం చేస్తారో, మళ్ళీ ఎప్పుడు చూస్తారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రాయకపోతే వచ్చే వారానికి అందరం మర్చిపోతాం.

పీఈటీ సారుని, మధ్యాహ్న భోజనం వండే అమ్మని కూడా అడుగు. ఎవడు తినకుండా కూర్చుంటున్నాడో ఆవిడకే తెలుస్తుంది. మిర్చి కోతలప్పుడు ఎవరు బడి మానేస్తారో ఊరివాళ్ళకి తెలుస్తుంది. బోర్డు మీది అక్షరాలు కనబడక వెనకబడేవాళ్ళూ ఉంటారు, కళ్ళ పరీక్ష చేయించండి. ఎంత చెప్పినా అక్షరాలు తారుమారయ్యే పిల్లలుంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం టీచరుని పిలిపించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నేర్చుకోవడంలో వచ్చే ఈ ఇబ్బంది కూడా ఉంది. వాళ్ళని బద్ధకస్తులనడం అన్యాయం.

ఆటల పీరియడ్ మాత్రం తీసేయకండి. చదువులో ఓడిపోయే పిల్లాడు రోజులో గెలిచేది అక్కడొక్కచోటే. సాయంత్రం స్టడీ అవర్లో అందరూ విడివిడిగా హోంవర్క్ ఇవ్వకండి. ఆ రోజు ఎవరిదో ఒక్కరిదే ఉండాలి.

తల్లిదండ్రులతో ఒక్కరే మాట్లాడండి. కూలికి పోయి వచ్చిన తల్లిని ఒకరి తర్వాత ఒకరు పిలిచి ఫిర్యాదు చేస్తే ఆవిడ మళ్ళీ బడి గడప తొక్కదు. పిల్లాడికి ఎవరి దగ్గర చనువో వాళ్ళే వెళ్ళాలి, వాడు సాధించిన చిన్న విషయం ఒకటి చెప్పి మొదలుపెట్టాలి.

చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కి ఈసారి ఆ ఊరి ప్రైమరీ స్కూలు టీచరు, ఎస్‌జీటీ గారు వస్తారు. పక్కన కూర్చుని ఆ పదిమంది పేర్లు ఒక్కొక్కటీ చదువు. ఆరో తరగతికి రాకముందు వాళ్ళెలా ఉండేవాళ్ళో ఆవిడ చెప్పినంత వివరంగా మీలో ఎవరూ చెప్పలేరు. ఆవిడ ఏమన్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ