రేణుకను ఓడిపోనియ్యి, చావనియ్యకు

నల్లగొండ

చెల్లె,

నీ నవల రాతప్రతి చదివిన. రేణుక, సబిత ఇద్దరూ మనసుల నిలవడ్డరు. మిర్యాలగూడ రైసుమిల్లు గుమస్తా బిడ్డ ఒకతి, ముంబైకి వలసపోయిన పాలమూరు కూలీల బిడ్డ ఒకతి. గోవాల మాండవి నది మీది క్యాసినో ఓడల, పోకర్ టేబుల్ కాడ ఒకరికొకరు ఎదురుపడుడు చదువుతుంటె పుస్తకం పక్కకు పెట్టబుద్ధి కాలే. వాళ్ల ప్రేమను ఎక్కడా రోగం లెక్క, వింత లెక్క చూపలే. దాని జోలికి నేను పోను. నేను రాసేది పదకొండో అధ్యాయం గురించి, ఆఖరి అధ్యాయం గురించి.

పదకొండుల టోర్నమెంట్ చివరికొచ్చి ఇద్దరే మిగుల్తరు. ఈ ఆటల ఒక్కొక్కరికి రెండు ముక్కలు చాటుగ పంచుతరు, బల్ల మీద తెరిచే ఐదు ముక్కలు అందరివి. సబిత చేతిల రెండు రాజులు. రేణుక తన చిప్స్, అంటే పందెం బిళ్లలు, అన్నీ ముందుకు తోసి ఆల్-ఇన్ అంటది. సబిత ఆమె కండ్లలకు చూసి, రాజులను బోర్లేసి వదులుకుంటది. దాన్ని త్యాగం అని రాసినవు. ఆ పేజీ నీకు ఎంత ఇష్టమో వాక్యాలల్లనే తెలుస్తున్నది. అయినా తీసెయ్యి.

ఆట తెలిసినోళ్లు అక్కడనే పుస్తకం మూస్తరు. చేతిల రాజులు ఉన్నప్పుడు, ఇంకా బల్ల మీద ఒక్క ముక్క తెరవకముందు, వాటికంటె పెద్దవి రెండు ఆసులే. పంచిన 221 చేతులల్ల ఒక్కసారి పడే జత అది. ఇద్దరే మిగిలిన ఆటల రాజులు వదిలే ఆటగత్తె ఉండదు. ఇంకోటి, తెలిసిన మనిషని మెత్తగ ఆడుడు టోర్నమెంట్ నియమాలల్ల తప్పు. సాఫ్ట్ ప్లే అంటరు, తేలితే శిక్ష పడ్తది. ఆలుమగలైనా, అక్కాచెల్లెండ్లైనా అదే నియమం.

ఇదంత దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది ఇంకోటున్నది. ఆటనే నమ్ముకోని ఇల్లు విడిచొచ్చిన రేణుకకు, తను గెలిచింది గెలుపు కాదు, ఎదుటామె వదిలేసిందని తెలిస్తే ఏమైతది? నీ నవల ఆ ప్రశ్న అడగనే లేదు. ఆడది ప్రేమించిందంటె ముందుగాల ఏదో ఒకటి వదులుకోవాలె అని మన కథలు తరాలుగ చెప్తున్నయి. మొగోని కోసం చదువు, పాట, ఉద్యోగం వదులుకున్న ఆడోళ్లు ఎంతమందో మన పుస్తకాలల్ల. ఇద్దరు ఆడోళ్ల ప్రేమ రాస్తూ గూడ ఆ అలవాటునే తెచ్చి నెత్తిన పెడ్తవా? సబిత కాల్ చెయ్యాలె, అంటే ఆ పందానికి సమానంగ తనూ పెట్టాలె. రాజులు తిప్పి చూపెట్టాలె. రేణుక చేతిల ఆసులున్నా, తొమ్మిదులున్నా, ఎవరో ఒకరు నిజంగ ఓడిపోవాలె. ఆ రాత్రి ఇద్దరూ ఒకే గదికి పోవాలె. గెలిచినామె ముందుగాల ఏం మాట్లాడ్తది? ఓడినామె నవ్వుతదా, స్నానానికి పోయి తలుపు వేసుకుంటదా? నీ నవలకు గుండెకాయ ఆ గది, చెల్లె. నువ్వు ఆ గదిని రాయనే లేదు.

పోకర్ మీద బతికెటోళ్లు ఒక చేతిని గెలుపు ఓటములతోటి కొలవరు. అప్పుడు తెలిసినంతల తీసుకున్న నిర్ణయం సరైందా కాదా అని చూస్తరు. ఆసులు, రాజులు ఎదురుపడి అన్ని చిప్స్ బల్ల మీదికొస్తె, వందల ఎనభై రెండుసార్లు ఆసులే గెలుస్తయి. మిగిలిన పద్దెనిమిదిసార్లు ఓడినామె తప్పు చేసినట్టు కాదు. అమెరికా పోకర్ ఆటగత్తె వనెస్సా సెల్బ్‌స్ట్ గురించి నీకు తెలిసే ఉంటది. తను లెస్బియన్ అని దాచకుండ బతికింది, యేల్‌ల లా చదివింది, పోకర్ల పేరున్న వరల్డ్ సిరీస్ పోటీలల్ల మూడు బ్రేస్‌లెట్లు, అంటే మూడు టైటిళ్లు గెలిచింది. 2017ల ఆ సిరీస్ అసలు టోర్నమెంట్, మెయిన్ ఈవెంట్‌ల ఆమెకు రెండు ఆసులొచ్చినయి. బల్ల మీద ఇంకో ఆసు, రెండు ఏడ్లు పడ్డయి. మూడు ఆసులు, రెండు ఏడ్లు కలిస్తె ఫుల్ హౌస్, మామూలుగనైతే ఓడే చెయ్యి కాదు. ఎదురుగ కూసున్న గాయెల్ బౌమన్ చేతిల మిగిలిన రెండు ఏడ్లున్నయి. నాలుగు ఏడ్లు, ఫుల్ హౌస్‌కంటె పెద్ద చెయ్యి! మొదటి రోజే సెల్బ్‌స్ట్ బయటికొచ్చింది. ఇద్దరు ఆడోళ్లు, ఎవరూ తప్పు ఆడలే, ఒకామె పోయింది. పదకొండో అధ్యాయం రాసేటప్పుడు ఆ చెయ్యి యాదికి పెట్టుకో.

ఇగ ఆఖరి అధ్యాయం. ఇద్దరినీ సాగర్ ఎడమ కాలువల ముంచినవు. ఎందుకు ముంచినవో నాకు తెలుసు. నీ కథ నడిచేది మిర్యాలగూడల. 2018 సెప్టెంబర్‌ల కులం మీరి పెళ్లి చేసుకున్నందుకు అదే ఊర్ల ఒక పిలగాన్ని పట్టపగలు, గర్భవతి అయిన భార్య ముంగట నరికిన్రు. ఆ ఊరిని రాస్తూ భయం లేదని రాస్తె అబద్ధమైతది. భయం రాయి. రేణుక తండ్రి సబిత కులం ముందు అడుగుతడు, ఆడపిల్ల సంగతి తర్వాత. అది రాయి, నీ రాతప్రతిల ఇద్దరికీ ఊర్లున్నయి గని కులాలు లేవు. వాళ్లను ఓడించు, ఇల్లు పోనియ్యి, తల్లి మాట్లాడకుండ పోనియ్యి. కాని ప్రేమించుడు వాళ్లు తీసుకున్న సరైన నిర్ణయం. ఫలితం చెడ్డదైనంత మాత్రాన దాన్ని తప్పు చేసి, శిక్ష లెక్క చావు రాస్తె, రేణుక తండ్రి తీర్పుకు నువ్వు సంతకం పెట్టినట్టే. నీ నవలను దొంగతనంగ, ఫోన్ల చదివే ఒక పిల్ల దేవరకొండలనో కల్వకుర్తిలనో ఉంటది. చివరి పేజీ కాడ ఆమెకు కాలువ చూపెట్టకు.

కాలం సంగతి గూడ చూసుకో. 2019ల రేణుక ఇంట్ల కూసోని, ఏ భయం లేకుండ ఫోన్ల పైసలకు పోకర్ ఆడుతదని రాసినవు. 2017 జూన్‌లనే మన రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చి ఆన్‌లైన్‌ల పైసల ఆట నేరం చేసింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చినంక ఆమె ప్రేమ నేరం కాకుండ పోయింది. పదిహేను నెలల తేడాతోటి ఒకటి నేరమయ్యింది, ఒకటి కాకుండ పోయింది. ఇంట్ల మాత్రం రెండూ దాచుకోవలసినయే. ఇంత పెద్ద సంగతి నీ చేతిల ఉండంగ వాడుకోలేదేంది? కథను ఇప్పటిదాక తెస్తె 2023 అక్టోబర్ 17 తీర్పున్నది, ఇసొంటి జంటలకు పెళ్లి హక్కు ఇయ్యలేమన్నరు. 2025ల పైసల ఆన్‌లైన్ ఆటలను దేశమంతట ఆపే చట్టమొచ్చింది. సబిత గోవా ఎందుకు పోయిందో ఇవన్నీ కారణాలైతయి.

పైసల లెక్క పల్చగున్నది. కూలీల బిడ్డ టోర్నమెంట్ ఫీజు ఎక్కడిది? పోకర్ల ఒకరు పెట్టుబడి పెడ్తరు, ఆడెటోళ్లు గెలుపుల వాటా ఇస్తరు, మన దగ్గర పాలుకు సాగు చేసినట్టే. సబిత మీద పెట్టుబడి పెట్టినాయన ఒకడు కథలకు రావాలె. రేణుక చేతుల ఓడినప్పుడు ఆమె అతనికి జవాబు చెప్పాలె గదా.

కండ్లు మెరిసినయి, పెదవులు వణికినయి అన్న వాక్యాలు సగం తీసెయ్యి. ఆటగత్తె కండ్లను నమ్మదు. ఎంత పందెం కాసింది, ఎంతసేపు ఆలోచించింది, పోయినసారి ఇట్లనే కాసినప్పుడు చేతిల ఏమున్నది అని చూస్తది. చేతులు వణికితె చాలాసార్లు మంచి ముక్కలు పడ్డట్టు. రేణుక అందరినీ చదవగలదు, సబితను మాత్రం తప్పు చదువుతది, మళ్లమళ్ల. ఆమె ప్రేమల పడ్డదని నువ్వు వేరే చెప్పే పని ఉండదు.

ముందు ఆ గది అధ్యాయం రాసి పంపు, మిగిలిన దిద్దుబాట్లు ఆగుతయి. సబిత తల్లి ముంబై నుంచి ఫోన్ చేసినంక మళ్ల ఎక్కడా కనవడలే, ఆమె సంగతి గూడ తేల్చు.

నీ అక్క