పెద్ద విమానం వెనక దిగే చిన్న విమానానికి ప్రమాదం దేనివల్ల?

చాలామంది ఇంజిన్ల గాలి వల్ల అనుకుంటారు. అసలు కారణం రెక్కలు. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ. అందుకే రెక్క చివర గాలి పైకి తిరిగి సుడి కడుతుంది. విమానం ఎంత బరువుగా, ఎంత నెమ్మదిగా ఉంటే సుడి అంత బలంగా ఉంటుంది. దిగే సమయంలో విమానం నెమ్మదిగానే ఉంటుంది.

ఈ సుడులు కంటికి కనపడవు. నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున కిందికి జారతాయి. అందుకే వెనకాల, కాస్త కిందుగా వచ్చేవాళ్లకే ముప్పు. 1993 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో బోయింగ్ 757 వెనక, దానికంటే తక్కువ ఎత్తులో వస్తున్న వెస్ట్‌విండ్ అనే చిన్న జెట్ ఇలాగే తిరగబడి కూలింది. అయిదుగురు చనిపోయారు. సుడి తిప్పే వేగం ముందు చిన్న విమానాన్ని అదుపు చేసే రెక్కల, తోక పలకల బలం చాలదు, నేల దగ్గర సర్దుకునే ఎత్తూ ఉండదు.

భారీ విమానం వెనక తేలికపాటిదానికి సాధారణంగా 6 నాటికల్ మైళ్లు, అంటే 11 కిలోమీటర్ల ఎడం ఇస్తారు. పైలట్ కూడా ముందుదాని దారికి పైనే ఉండి, అది నేల తాకిన చోటు దాటాక దిగాలి. గాలి నిశ్చలంగా ఉన్న రోజున మరీ జాగ్రత్త, సుడి త్వరగా చెదరదు.