బండి ఆగిన చోటే పని: లారీ సంరక్షణపై పాఠకుల ప్రశ్నలు

లారీని చూసుకోవడానికి తీరిక ఎక్కడి నుంచి తేవాలి అని ఈసారి విశాఖ పాఠకులు ఎక్కువగా అడిగారు. కొన్నింటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. ఆయిల్ గ్రేడు, టైరు గాలి, బోల్టు బిగింపు లాంటి అంకెలు బండిని బట్టి మారతాయి. వాటికి మీ బండి మాన్యువల్‌నే పట్టించుకోండి.

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల ఉద్యోగం నాది. ఆరు చక్రాల లారీ ఒకటి డ్రైవరుతో నడిపిస్తున్నాను. పోర్టులో లోడెత్తుకుని అనకాపల్లి, తుని వైపు తిరుగుతుంది. ఆదివారం బండి చూద్దామనుకుంటే ఆ రోజు నాకు డ్యూటీ పడుతుంది, లేదా బంధువులింట్లో శుభకార్యం, లేదా బండే లోడు మీద ఉంటుంది. ఏదైనా విరిగాకే నాకు కబురొస్తోంది. ఏం చెయ్యాలి? (కూర్మన్నపాలెం)

జవాబు: ఆదివారం మీద ఆశ వదులుకోండి. మీకు సెలవైన రోజున బండికీ సెలవుండాలని లేదు. కానీ బండి ఎలాగూ ఆగే చోట్లు మూడున్నాయి: పొద్దున బయల్దేరే ముందు, డీజిల్ బంకు, లోడింగు క్యూ. పనుల్ని ఆ మూడు చోట్లకీ పంచండి.

పొద్దున పని డ్రైవరుది, పదిహేను నిమిషాలు. ముందు బ్రేకుల గాలి నిలవుండే ఎయిర్ ట్యాంకుల నీళ్లు వదలాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ఆ గాలినే నొక్కి పంపుతుంది, చల్లబడ్డాక నీరు ట్యాంకు అడుగున చేరుతుంది. అది బ్రేకు వాల్వుల్లోకి పోతే తుప్పుపట్టి వాల్వు పట్టేస్తుంది. డ్రెయిన్ కాక్ కింద పాత గుడ్డ పట్టి, మొహం పక్కకి పెట్టుకుని తిప్పమనండి. గుడ్డ కాస్త తడిస్తే ఫరవాలేదు. రోజూ నీళ్లు ధారగా వస్తుంటే గాలిలో తేమ పీల్చే ఎయిర్ డ్రయర్ కార్ట్‌రిడ్జ్ పని అయిపోయిందనుకోవాలి. గుడ్డ మీద నల్లటి జిడ్డు పడితే కంప్రెసర్ ఆయిల్ తోస్తోంది, రింగులు చూపించాలి. ఇంత సమాచారం ఒక్క గుడ్డముక్క చెబుతుంది.

తర్వాత గాలి నిండా ఎక్కించి, చక్రాలకి ఊత చెక్కలు పెట్టి, ఇంజన్ ఆపి, బ్రేకు పెడల్ ఒక నిమిషం గట్టిగా తొక్కి ఉంచాలి. గేజి ముల్లు 0.2 బార్ కంటే ఎక్కువ దిగితే ఎక్కడో లీకుంది. గొట్టాల జాయింట్ల మీద, బ్రేకు చాంబర్ల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగ వచ్చిన చోటే లీకు.

ఇంజన్ ఆయిల్ రాత్రంతా ఆగి ఉన్న బండిలో, చదును నేల మీద చూడాలి. స్టిక్ మీద మట్టం తగ్గితేనే కంగారు పడతారు గానీ, పోయకుండానే మట్టం పెరగడం ఇంకా చెడ్డ సూచన. డీజిల్ గానీ కూలెంట్ గానీ ఆయిల్లో కలుస్తోందన్నమాట. ఆయిల్ పాలకాఫీ రంగులోకి తిరిగితే ఆ బండిని స్టార్ట్ చెయ్యొద్దు.

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే, గేజితోనే. రాడ్డుతో కొట్టి చూస్తే పూర్తిగా దిగిపోయిన టైరు తెలుస్తుంది తప్ప ఇరవై పౌన్లు తగ్గింది తెలియదు. వెనక జోడీలో లోపలి టైరుని ఎవరూ పట్టించుకోరు. దాంట్లో గాలి తగ్గితే బరువంతా బయటి టైరు మీద పడుతుంది. తగ్గిన టైరు పక్కగోడలు మడతపడుతూ వేడెక్కి ఒకరోజు హైవే మీద చీలిపోతుంది. లోపలి టైరుకి వాల్వు ఎక్స్‌టెన్షన్ పెట్టిస్తే గాలి చూడటం సులువవుతుంది.

బంకు దగ్గర కూలెంట్ మట్టం, ఫ్యాన్ బెల్టు, లైట్లు. లోడింగు క్యూలో వీల్ నట్లు, కమాన్ పట్టీలు (స్ప్రింగు రేకులు). నట్టు పక్కనుంచి తుప్పు గీత కిందికి జారినట్టు కనిపిస్తే ఆ నట్టు వదులైందనే. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాలి, ఎదురెదురు నట్ల వరసలో. రిమ్ముకీ హబ్బుకీ ఆనే ముఖాల మీద దట్టంగా రంగు పూయనివ్వొద్దు. వేడికి రంగు నలిగిపోయి బిగింపు వదులవుతుంది.

ఇక మీ పని. మీరు బండి దగ్గరికి వెళ్లక్కర్లేదు. రోజూ మూడు ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి: కిలోమీటర్ల మీటరు, ఎయిర్ గేజి, ఆయిల్ స్టిక్. షిఫ్టు దిగాక రెండు నిమిషాలు చూస్తే చాలు. వారం ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే ఆయిల్ ఎంత తాగుతోందో మీకే తెలిసిపోతుంది. పోర్టు క్యూలో ఇంజన్ ఆన్‌లో నిలబడ్డ గంటలు కూడా రాయించండి. ఆ గంటలు మీటరు ఎక్కవు గానీ ఆయిల్ మాత్రం అరిగిపోతూనే ఉంటుంది. కిలోమీటర్లనే నమ్ముకుంటే ఆయిల్ మార్పు ఆలస్యమవుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాం. ఈ పదిహేను నిమిషాలకి డ్రైవరుకి విడిగా బత్తా కట్టివ్వండి. ట్రిప్పుకింత అని మాత్రమే ఇస్తే పొద్దున టైము పోగొట్టుకోవడం అతనికి నష్టం. అలాంటప్పుడు చూడకుండానే చూశానంటాడు, ఆ తప్పు అతనిది కాదు.

ప్రశ్న: మా ఆయన సొంత లారీ తనే నడుపుతారు. వారంలో ఒక్క రాత్రే ఇంట్లో ఉంటారు. ఆ రాత్రీ టార్చిలైటు పట్టుకుని బండి కిందే. పిల్లలకి నాన్న కాళ్లే కనిపిస్తున్నాయి. మేం ఏదైనా తగ్గించగలమా? (మల్కాపురం)

జవాబు: తగ్గించొచ్చమ్మా. రాత్రిపూట, ఒంటరిగా, జాకీ మీద ఎత్తిన బండి కిందికి దూరడం ముందు ఆపించండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి స్టాండులు లేకుండా ఎవరూ కిందికి వెళ్లకూడదు. నిద్ర చాలని కళ్లకి పగిలిన పట్టీ కూడా కనిపించదు.

గ్రీజు, బ్రేకు లైనరు, యూబోల్టు (కమాన్ పట్టీల్ని యాక్సిల్‌కి పట్టి ఉంచే బోల్టు) పనులు ఇంటి ముందు చేసేవి కావు. నెలకోసారి ఖాళీ బండి దొరికిన పగలు ఆటోనగర్‌లో ఒక్క పూట పెట్టుకుంటే గ్రీజు, లైనరు పనులు ఒకే రోజు అయిపోతాయి. ముందురోజే మెకానిక్‌కి ఫోన్ చేసి ఏం కావాలో చెబితే సామాను సిద్ధంగా ఉంటుంది. అక్కడ కాచుకునే టైమే ఎక్కువ పోతుంది, పని టైము తక్కువే. యూబోల్టులు మాత్రం లోడు మీదున్నప్పుడు బిగించాలి. ఖాళీ బండిలో బిగిస్తే లోడు పడగానే పట్టీలు నొక్కుకుని మళ్లీ వదులవుతాయి. అవి వదులైతే సెంటర్ బోల్టు తెగుతుంది, పట్టీ సరిగ్గా ఆ బోల్టు కన్నం దగ్గరే విరుగుతుంది. పట్టీలు పదే పదే విరుగుతుంటే ఓవర్‌లోడు ఒక్కటే కారణం అనుకోకండి, యూబోల్టులు కూడా చూపించండి.

బండిలో ఒక డబ్బా పెట్టించండి: ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టరు, రెండేసి బల్బులు, ఫ్యూజులు, హోస్ క్లిప్పులు, ఇన్సులేషన్ టేపు. రాత్రిళ్లు ఇంటిదాకా మోసుకొచ్చే చిన్న పనులు దారిలోనే తీరిపోతాయి.

కాగితాల పని మీరు తీసుకోండి. ఇన్సూరెన్సు, పర్మిట్, పొల్యూషన్, పన్ను, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీలు వంటింటి క్యాలెండర్ మీద ఒక్కోదానికి నెల ముందు గుర్తు పెట్టండి. ఎఫ్‌సీ, ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, అది దాటాక ఏటా. ఆయన లైసెన్సు కూడా రాసుకోండి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్, దానికి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. ఎఫ్‌సీకి నెల ముందే బ్రేకులు, లైట్లు, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు చూపించుకుంటే చివరి వారం పరుగులుండవు.

ప్రశ్న: బొగ్గు లోడింగు వల్ల ఎయిర్ ఫిల్టరు వారానికే నల్లబడుతోంది. నేలకి కొట్టి దులుపుతున్నాం. సరేనా? (మింది)

జవాబు: కాదు. నేలకి కొడితే అంచు వంగుతుంది, కాగితం పగులుతుంది. ఆ సందులోంచి ధూళి తిన్నగా టర్బోలోకి, ఇంజన్ సిలిండర్ లైనర్లలోకి పోతుంది. తక్కువ గాలితో లోపలి నుంచి బయటికి ఊదండి. తర్వాత లోపల బల్బు పెట్టి చీకట్లో చూడండి, సూదిమొనంత వెలుతురు కనిపించినా పారెయ్యాలి. లోపలి చిన్న ఫిల్టరుని ఎప్పుడూ ఊదకూడదు, మార్చడమే. అన్నట్టు, రంగు చూసి మార్చొద్దు. నల్లగా ఉన్నంత మాత్రాన మూసుకుపోయినట్టు కాదు. ఫిల్టరు మూసుకుపోయిందని చూపే రిస్ట్రిక్షన్ ఇండికేటర్ ఎర్రబడితేనే విప్పండి. విప్పిన ప్రతిసారీ కొంత ధూళి లోపల పడుతుంది.

ప్రశ్న: రిటైరయ్యాను. పాత టాటా 407 చిన్న లారీ ఒకటి ఉంచుకున్నాను, నెలకి రెండు మూడు కిరాయిలు. ఇప్పుడు టైముంది కాబట్టి రోజూ పొద్దున పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతాను, వారానికోసారి గ్రీజు కొట్టి, ఛాసిస్‌కి పాత ఇంజన్ ఆయిల్ పూస్తాను. అయినా ఏదో ఒకటి పాడవుతూనే ఉంది. (పెదగంట్యాడ)

జవాబు: మీ శ్రద్ధకి తగ్గ ఫలితం రావాలంటే కొన్ని పనులు మానాలండి.

పది నిమిషాల స్టార్టింగు మొదట మానండి. ఇంజన్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఆయిల్ బాగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ తేమంతా ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ ఉండిపోతుంది. స్టార్టింగుకి బ్యాటరీ ఖర్చుపెట్టిన కరెంటు కూడా ఐడిలింగ్‌లో సరిగ్గా తిరిగి ఎక్కదు. దాని బదులు పదిహేను రోజులకోసారి బండిని 20–30 కిలోమీటర్లు రోడ్డు మీద నడపండి. అగనంపూడి దాటి వెళ్లొస్తే సరిపోతుంది. ఇంజన్, గేర్‌బాక్సు, హౌసింగ్ (వెనక యాక్సిల్), బ్రేకులు, టైర్లు అన్నిటికీ ఒకేసారి కదలిక వస్తుంది.

పాత ఇంజన్ ఆయిల్ పూయడం కూడా వద్దు. నల్ల ఆయిల్ రబ్బరు బుష్షుల్నీ గొట్టాల్నీ ఉబ్బిస్తుంది, ధూళిని పట్టుకుని పేస్టులా తయారవుతుంది, డ్రమ్ము వైపు కారితే బ్రేకు జారుతుంది. ఉప్పుగాలికి మందు మంచినీళ్లే. బీచ్‌రోడ్డు మీదో వానలోనో తిరిగొచ్చాక ఛాసిస్ లోపలి మూలల్నీ క్రాస్ మెంబర్ల రివెట్ల చుట్టూ మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. తుప్పు పొర లేచిన చోట వైరు బ్రష్షుతో గీకి, ప్రైమర్, దానిపై ఛాసిస్ పెయింటు. ఏడాదికోసారి, వానలకి ముందు. బ్యాటరీ టెర్మినళ్లకీ ఎర్త్ వైరు కొసకీ పెట్రోలియం జెల్లీ రాయండి. సముద్రం దగ్గర బండ్లలో లైట్లు మసకబారడం, సెల్ఫ్ తిరగకపోవడం చాలాసార్లు తుప్పుపట్టిన ఎర్త్ వల్లే.

గ్రీజు వారం వారం కాదు, నడిచిన కిలోమీటర్లని బట్టి. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుకి నాలుగు కొసల నుంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. ఒక కొస నుంచి రాకపోతే అక్కడి బేరింగు ఎండిపోతోంది. కింగ్ పిన్నుకి (స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే పిన్ను) ముందు చక్రాన్ని నేల నుంచి ఎత్తి కొట్టాలి, బరువు మీదుంటే థ్రస్ట్ బేరింగ్‌లోకి గ్రీజు దూరదు. నిపుల్ తుడవకుండా గన్ పెడితే ఇసుకని మీరే లోపలికి పంపినట్టు.

బండి ఆగి ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి వదిలెయ్యొద్దు. లైనరు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతుంది. చదును నేల మీద గేర్లో పెట్టి, ముందూ వెనకా ఊత చెక్కలు వెయ్యండి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ఎక్కువుంటే గోడలకి నీరు పట్టి కిందికి దిగుతుంది. బ్యాటరీకి నెగటివ్ వైరు తీసి, నెలకోసారి వోల్టేజి చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉంది. 12.4 దిగితే చార్జింగుకి పెట్టాలి. 12.2 దగ్గర వారాలు వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ కోలుకోదు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది, బండి తిరగకపోయినా రెండేళ్లకి మార్చండి. టైరు అరగకపోయినా వయసు చూడండి. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. పగుళ్లు కనిపిస్తే గుండీలు (నేలకి ఆనే గట్లు) ఎంత మిగిలినా లోడుకి వాడొద్దు.

ప్రశ్న: బీఎస్-6 బండి. ఆటోనగర్ నుంచి పరవాడ ఫార్మాసిటీకి చిన్న చిన్న ట్రిప్పులు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు తరచూ వెలుగుతోంది. ఆపి శుభ్రం చేసే టైము లేదు. (ఆటోనగర్)

జవాబు: టైము లేదని ఆ లైటుని దాటేస్తే బండి పవర్ తగ్గించేస్తుంది, చివరికి వర్క్‌షాపులో రోజులు పోతాయి. చిన్న ట్రిప్పుల్లో పొగగొట్టం తగినంత వేడెక్కదు, మసి ఫిల్టర్లో పేరుకుంటుంది. లైటు మొదటిసారి వెలిగినప్పుడు హైవే మీద ఒకే వేగంతో అరగంట నడిపితే చాలాసార్లు తనే కాల్చుకుంటుంది. కాకపోతే మాన్యువల్ ప్రకారం పార్క్ చేసి రీజెనరేషన్ (మసి కాల్చే) స్విచ్చి నొక్కాలి. మధ్యాహ్నం భోజనం టైము దానికి పెట్టుకోండి. గొట్టం దగ్గర ఎండుగడ్డి, టార్పాలిన్, మనుషులు ఉండకూడదు. కాలుతుండగా ఇంజన్ ఆపొద్దు. ఇంజన్ ఆయిల్ తక్కువ బూడిద రకమే పొయ్యాలి. మామూలు ఆయిల్ బూడిద ఫిల్టర్లో ఉండిపోతుంది, ఎంత కాల్చినా పోదు.

మీ బండిలో పొగ శుద్ధికి పోసే యాడ్‌బ్లూ సంగతి కూడా: అది 32.5 శాతం యూరియా ద్రవం. దాంట్లో నీళ్లు కలపొద్దు, ఎండలో క్యాన్లు పెట్టొద్దు. 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలుస్తుంది, 35 దగ్గర ఆరు నెలలే. క్యాబిన్‌లో, రేకుల షెడ్డులో నిలవ చెయ్యకుండా రెండు వారాలకి సరిపడా కొనుక్కోండి.

ప్రశ్న: వచ్చే ఏడు స్టీరింగు వదిలేస్తున్నాను. అబ్బాయి తీసుకుంటాడు. నడపడం వచ్చు, బండి చూడటం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (లంకెలపాలెం)

జవాబు: బ్రేకులతో. చల్లగా ఉన్న డ్రమ్ముల మీద, లోడుతో పది కిలోమీటర్లు నడిచాక మళ్లీ చెయ్యి దగ్గరగా పెట్టి, తాకకుండా, వేడి పోల్చడం నేర్పండి. మిగతావాటికంటే ఒకటి మరీ వేడిగా ఉంటే అక్కడ లైనరు రాసుకుంటోంది. ఒకటి చల్లగానే ఉంటే అది అసలు పట్టడం లేదు. ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు (లైనరు అరిగేకొద్దీ బ్రేకు సందు సరిచేసేవి) ఉన్న బండిలో బ్రేకు వదులైందని పానా పెట్టి తిప్పడం మాన్పించండి. అది తనంతట తను సర్దుకోవాలి. సర్దుకోలేదంటే అడ్జస్టరో, ఎస్-క్యామ్ (లైనర్లని డ్రమ్ముకి నెట్టే ఇరుసు) బుష్షో, బ్రేకు చాంబరో చెడింది. తిప్పితే ఆ లోపం రెండు రోజులు దాక్కుంటుంది, అరకు ఘాట్ దిగేటప్పుడు బయటపడుతుంది. ఎస్-క్యామ్ బుష్షుకి గ్రీజు రెండు మూడు పోట్లే. ఎక్కువైతే లైనరు మీదకి వస్తుంది. గ్రీజు పట్టిన లైనర్ని తుడిచి వాడొద్దు, ఆ యాక్సిల్‌కి రెండు పక్కలా కొత్తవి వేయించండి.