ఫ్రిస్కోలో ఫెలనీ కేసు రికార్డు దొరకట్లేదా? చూడాల్సింది ఇక్కడ

అన్నా, మీ ఇంట్లో అద్దెకు దిగబోయే అతని పాత ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసు టెక్సస్‌లోని ఫ్రిస్కో మునిసిపల్ కోర్టు సైట్‌లో దొరకలేదన్నారు. దొరకదు, అది ట్రాఫిక్ టికెట్లు, చిన్న జరిమానాల కోర్టు. టెక్సస్‌లో ఫెలనీలు నడిచేది డిస్ట్రిక్ట్ కోర్టులో, ఫైళ్లు ఉండేది డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. కౌంటీ క్లర్క్ వేరు, చాలామంది అక్కడే తికమకపడతారు. పైగా ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్‌లో ఉంది. అందుకని రెండు కౌంటీల ఆన్‌లైన్ కేస్ సెర్చ్‌లూ చూడండి. పేరు ఒక్కటే కలిస్తే నమ్మకండి, పుట్టిన తేదీ కూడా సరిచూడండి. మన రెడ్డిలు, రావులు ఎంతమందో! కాలిన్ కేసుకి సర్టిఫైడ్ కాపీ కావాలంటే మెకిన్నీలోని డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసుకి కేసు నంబరు ఇచ్చి ఫీజు కట్టాలి. కోర్టు ఆర్డరుతో రికార్డు చెరిపేయించుకుని ఉంటే మాత్రం కనపడదు. ఫెడరల్ కేసైతే పేసర్‌లో (PACER, ఫెడరల్ కోర్టు రికార్డుల సైట్) వెతకాలి, పేజీకి 10 సెంట్లు.