జ్యూస్, జూపిటర్ ఒకరేనా? ‘హీరోస్ ఆఫ్ ఒలింపస్’ నేరుగా మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్ళు. స్నేహితుడి దగ్గర రిక్ రయోర్డన్ రాసిన ‘హీరోస్ ఆఫ్ ఒలింపస్’ సెట్టు ఉందట, అది చదువుతానంటున్నాడు. దానికి ముందు ‘పర్సీ జాక్సన్’ ఐదు పుస్తకాలూ చదివి తీరాలా? గ్రీకు దేవుళ్ళకీ రోమన్ దేవుళ్ళకీ పేర్లే కదా తేడా, ఒక పట్టిక రాసిస్తే సరిపోదా?

జవాబు: చదివి తీరాలండీ. ఇక ఆ పట్టిక మాత్రం దయచేసి ఇవ్వకండి. నేను ఇచ్చి చెడగొట్టాను కాబట్టి చెబుతున్నాను.

మేముండేది కాలిఫోర్నియాలో, శాన్ రామోన్‌లో. మా అమ్మాయికి పదకొండేళ్ళున్నప్పుడు లైబ్రరీలో పాత పుస్తకాల అమ్మకం పెట్టారు. బల్ల మీద ‘ద లాస్ట్ హీరో’ కనిపించింది. అట్ట మీద ‘బుక్ వన్’ అని ఉంది, ధర ఒక డాలరు. మొదటి భాగమే కదా అని తెచ్చి చేతిలో పెట్టాను. అది రెండో సిరీస్‌లో మొదటి భాగమని నాకేం తెలుసు!

మూడు రోజులకి పిల్ల వంటింట్లోకి వచ్చి నిలబడింది. “నాన్నా, పర్సీ ఎవరు? అందరూ వాడి కోసం వెతుకుతున్నారు, వాడు మాత్రం ఎక్కడా రాడు.” నిజమే, ఆ పుస్తకంలో పర్సీ రాడు. జేసన్ అనే కుర్రాడు ఒక స్కూలు బస్సులో కళ్ళు తెరుస్తాడు, తానెవరో తనకే గుర్తుండదు. అవతల, దేవతలకీ మనుషులకీ పుట్టిన పిల్లలుండే క్యాంపులో వాళ్ళంతా తప్పిపోయిన పర్సీ కోసం బెంగపడుతుంటారు. ముందు ఐదు పుస్తకాలు చదివినవాళ్ళకి ఆ బెంగ గుండెకి తగులుతుంది. చదవనివాళ్ళకి ముక్కూమొహం తెలియని చుట్టాల ఇంట్లో పరామర్శకి వెళ్ళినట్టుంటుంది.

నేను చేసిన రెండో తప్పు పట్టిక. దేవతల రాజునీ రాణినీ జేసన్ మాటిమాటికీ జూపిటర్ అంటాడు, జూనో అంటాడు, లాటిన్ మాట్లాడతాడు. క్యాంపులో మిగతావాళ్ళు జ్యూస్, హేరా అంటారు. పిల్ల తికమకపడుతోందని నేను ఒక కాగితం మీద రెండు వరసలు గీసి, జ్యూస్ అంటే జూపిటర్, పొసైడన్ అంటే నెప్ట్యూన్, ఏరీస్ అంటే మార్స్ అని రాసి ఫ్రిజ్ మీద అంటించాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఫోటో కూడా తీశాను. అసలు ఆ పుస్తకంలో ముడి ఉన్నదే అక్కడ! వీడెందుకు రోమన్ పేర్లు వాడుతున్నాడు, వీడి చేతి మీద రోమన్ రాజ్యం గుర్తయిన ఎస్‌పీక్యూఆర్ అన్న పచ్చబొట్టు ఎందుకుంది అని పాఠకుడికి అనుమానం రావాలి. ‘ఓహో, రెండూ ఒకటేనట’ అని నా కాగితం చూసి ఊరుకున్న పిల్లకి ఆ అనుమానం రానే లేదు. పుస్తకం మూసేసింది.

మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి ‘ద లైట్నింగ్ థీఫ్’ తెచ్చాను. 2005లో వచ్చిన మొదటి పుస్తకం అది. మొదటి అధ్యాయంలోనే లెక్కల టీచరు రెక్కల రాక్షసిగా మారి మీదకి రావడం, పర్సీ కత్తి దెబ్బకి బూడిద కావడం అయిపోతాయి. పర్సీ తన కథ తానే చెప్పుకుంటాడు, నోరు కాస్త ఎక్కువ. వాడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస కుదురుగా నిలవకపోవడం), డిస్లెక్సియా (చదవడంలో అక్షరాలు తికమకపడటం) రెండూ ఉంటాయి. రయోర్డన్ స్కూల్లో ఇంగ్లీషు, చరిత్ర చెప్పిన టీచరు. ఆయన కొడుక్కి కూడా ఈ రెండూ ఉన్నాయి. వాడికి రాత్రిళ్ళు చెప్పిన కథే తర్వాత ఈ పుస్తకమైంది. దేవతల పిల్లల మెదడు పుట్టుకతోనే ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైంది, అందుకే ఇంగ్లీషు అక్షరాలు గంతులేస్తాయి అని కథలో ఒక మాట వస్తుంది. మా పిల్లకి ఆ ఇబ్బంది లేదు గానీ, చదువుతూ చదువుతూ మధ్యలో లేచి మంచినీళ్ళకి వెళ్ళే రకం. ఆ పుస్తకానికి మాత్రం లేవలేదు. ఐదూ రెండు నెలల్లో అయిపోయాయి.

రెండో సిరీస్ తీరు వేరు. 2010 నుంచి 2014 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చిన ఐదు లావుపాటి పుస్తకాలు. కథ ఒకరి నోట నడవదు, అధ్యాయాలు ఒక్కొక్క పాత్ర వైపు నుంచి మారుతుంటాయి. ముఖ్యులు ఏడుగురు. అందులో కొందరు గ్రీకు దేవతల పిల్లలు, కొందరు రోమన్ దేవతల పిల్లలు. ఈ రెండు వర్గాలకీ పడదు, అందుకే ఒకరున్నట్టు ఒకరికి తెలియకుండా దేవతలే విడదీసి ఉంచారన్నది కథకి పునాది.

ఇక మీ రెండో ప్రశ్న. పేర్లే తేడా అని మనం స్కూల్లో చదువుకున్నాం గానీ, చరిత్రలోనే అది పూర్తి నిజం కాదు. రోమన్లు తమ దేవుళ్ళకి గ్రీకుల దేవుళ్ళతో పోలికలు కలిపి కథలు తెచ్చుకున్నారు. కానీ ఆ దేవుళ్ళ హోదాలు మాత్రం ఊరిని బట్టి మారిపోయాయి.

యుద్ధ దేవుడు ఏరీస్‌నే తీసుకోండి. గ్రీకు కావ్యం ఇలియడ్ ఐదో సర్గలో డయోమీడిస్ అనే మనిషి చేతిలో ఈటె పోటు తిని, వేలమంది సైనికులు ఒక్కసారి అరిచినంత కేక పెట్టి, తండ్రి దగ్గరికి పరిగెత్తి ఫిర్యాదు చేస్తాడు. జ్యూస్ ఓదార్చకపోగా, దేవతలందరిలోకీ నువ్వంటేనే నాకు అసహ్యం అంటాడు. అదే రోమ్‌లో మార్స్ సంగతి చూడండి. ఆ నగరాన్ని కట్టిన రోములస్‌కి తండ్రి, మార్చి నెల ఆయన పేరు మీదే వచ్చింది, రైతులు పొలాన్ని కాపాడమని మొక్కుకునేదీ ఆయనకే. గ్రీకులకి యుద్ధోన్మాదం, రోమన్లకి యుద్ధం చేసే రాజ్యం. రయోర్డన్ దీన్ని ఎంత తేలిగ్గా చూపిస్తాడంటే, మొదటి సిరీస్‌లో ఏరీస్ తోలు జాకెట్టు వేసుకున్న మోటార్‌సైకిల్ రౌడీ. రెండో సిరీస్‌లో మార్స్‌గా వచ్చేసరికి క్రమశిక్షణ ఉట్టిపడే సైనికుడు. చదివే పిల్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంకా సరదా అయినది మద్యం దేవుడి ముచ్చట. గ్రీకు క్యాంపులో డయోనైసస్‌కి తాగుడు మాన్పించారు కాబట్టి రోజంతా డైట్ కోక్ తాగుతుంటాడు. అదే దేవుడు బాకస్‌గా ఎదురైనప్పుడు చేతిలో డైట్ పెప్సీ ఉంటుంది! మా అమ్మాయి అది చదివి అరగంట నవ్వింది, తర్వాత తనే వెళ్ళి ఫ్రిజ్ మీది నా కాగితం పీకేసింది.

గ్రీకు జోడీయే లేని రోమన్ దేవుళ్ళు కూడా ఉన్నారు. టర్మినస్ అలాంటివాడు. ఆయన అసలు రూపం ఒక హద్దురాయి. రోమ్ నగరానికి పొమేరియం అనే పవిత్ర సరిహద్దు ఉండేది, దాని లోపలికి సైనికులు ఆయుధాలతో రాకూడదు. కథలో ఈయన చేతుల్లేని విగ్రహంగా నిలబడి, కత్తులు ఇక్కడ పెట్టి లోపలికి నడవండి అని వచ్చినవాళ్ళందరినీ దబాయిస్తుంటాడు. “పొమేరియం అంటే?” అని పిల్ల అడిగితే, “మన పొలిమేరేనమ్మా” అన్నాను. మాటలకి చుట్టరికం ఉందని కాదు, పలకడానికి అలా కలిసొచ్చిందంతే. ఊరి పొలిమేర, అక్కడ కాపలాగా ఒక దేవత అంటే మన పిల్లలకి వివరించాల్సిందేముంది!

రోమన్ క్యాంపు ఉన్నది మా ఇంటికి అరగంట దూరంలో. నిజంగానే! రెండో పుస్తకం ‘ద సన్ ఆఫ్ నెప్ట్యూన్’లో ఓక్లాండ్ కొండల కింద హైవే 24 మీద ఉన్న కాల్డెకాట్ సొరంగం వస్తుంది. సొరంగాల మధ్య మెయింటెనెన్స్ దారిలోంచి వెళ్తే క్యాంప్ జూపిటర్. బర్క్‌లీలో పనుండి ఒక శుక్రవారం సాయంత్రం ఆ దారిన వెళ్ళాం. మామూలుగా తిట్టుకునే ట్రాఫిక్, ఆ రోజు పిల్లకి పండగ. కారు పాకుతోంటే కిటికీ దించి మెడ బయటికి పెట్టింది. సొరంగానికి 1937లో రెండు దారులు, 1964లో మూడోది, 2013లో నాలుగోది వచ్చాయి. పుస్తకం 2011 నాటిది. “అంటే నాలుగోది లెక్కలోకి రాదు. ఏ రెండింటి మధ్య నాన్నా?” అని ఒకటే గొడవ. చూస్తే సిమెంటు గోడ, పొగ మరకలు, అంతే. “మనం మామూలు మనుషులం, మనకి కనపడదులే” అని తనే సర్దిచెప్పుకుంది. కథలో మనుషుల కళ్ళకి అడ్డుపడే మిస్ట్ అని ఒకటుంటుంది. మనం మాయ అనేదే.

ఆ క్యాంపు వాళ్ళు తమని పన్నెండో దళం, ఫుల్మినాటా అని చెప్పుకుంటారు. ఇది కల్పన కాదు, జూలియస్ సీజర్ కాలంలో పుట్టిన అసలు రోమన్ సైనిక దళం పేరే అది. క్రీ.శ. 66లో యూదయ తిరుగుబాటులో ఆ దళం తన గద్ద చిహ్నాన్ని పోగొట్టుకుందని చరిత్రకారులు చెబుతారు. కథలో కూడా పోయిన గద్ద కోసం ప్రయాణం ఉంటుంది, కాకపోతే అలాస్కాకి.

మూడో పుస్తకం ‘ద మార్క్ ఆఫ్ అథీనా’ గురించి ఎక్కువ చెబితే రసం పోతుంది, ఒక్క సంగతి మాత్రం. ఏథెన్స్‌లోని పార్థినాన్ అనే గుడిలో ఫిడియాస్ అనే శిల్పి చేసిన అథీనా విగ్రహం ఉండేది, ఆమె తెలివికీ యుద్ధానికీ దేవత, క్రీ.పూ. 438లో ప్రతిష్ఠించారు. దాదాపు 40 అడుగులు, దంతం, బంగారం. తర్వాత ఏమైందో ఎవరికీ అంతుబట్టలేదు. కథంతా ఆ లోటు మీదే నిలబడింది. రోమ్‌లో మినర్వాగా మారిన అథీనా చేతివృత్తులకీ చదువుకీ పరిమితమై, యుద్ధం పని మార్స్‌కీ బెలోనా అనే యుద్ధ దేవతకీ పోయిందని, ఆ అవమానం ఆమె పిల్లలు మరిచిపోలేదని రయోర్డన్ అల్లిన కథ.

మా తోడల్లుడు వాళ్ళు నాష్‌విల్‌లో ఉంటారు. అక్కడి సెంటెనియల్ పార్కులో పార్థినాన్‌ని అసలు కొలతలతో కట్టారు, లోపల 42 అడుగుల అథీనా విగ్రహం ఉంది. సెలవులకి వెళ్ళినప్పుడు చూశాం. లోపల వెలుతురు తక్కువ, తల ఎత్తేసరికి బంగారు పూత ముందు మెరుస్తుంది, తర్వాత మొహం కనపడుతుంది. కుడి చేతిలో విజయ దేవత నైకీ బొమ్మ అరచేతిలో పిచ్చుకలా ఉంటుంది. తీరా చూస్తే ఆ బొమ్మే ఆరడుగుల పైన. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అడిగింది, “ఇంతదాన్ని ఎలా ఎత్తుకుపోతారు?” గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసినదాని ప్రకారం అసలు విగ్రహం మీద 40 టాలెంట్ల బంగారం ఉండేది, అంటే వెయ్యి కిలోల పైమాటే. అవసరమైతే ఊడదీసేలా అమర్చారు. ఆ మాట చెబితే “అయితే ముక్కలుముక్కలుగా” అని తనలో తానే లెక్కలు వేసుకుంది.

వయసు గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. పన్నెండేళ్ళకి మొదటి సిరీస్ హాయిగా సరిపోతుంది. రెండో సిరీస్ నాలుగో పుస్తకం చీకటిగా ఉంటుంది, పాతాళంలో చాలా పేజీలు నడుస్తాయి. అందులోనే ఒక కుర్రాడు తనకి ఇంకో అబ్బాయంటే ఇష్టమని ఒప్పుకునే ఘట్టం ఉంది. చాలా సున్నితంగా రాశాడు. పిల్లవాడు వచ్చి అడిగితే తడబడకుండా మాట్లాడటానికి మీరు సిద్ధంగా ఉండండి, చాలు. పుస్తకాలు నచ్చాయి కదా అని అసలు గ్రీకు పురాణాలు వెంటనే చేతికివ్వకండి. జ్యూస్ తండ్రి క్రోనస్ తన పిల్లల్ని మింగడం దగ్గర్నుంచి అన్నీ పచ్చిగా ఉంటాయి, రయోర్డన్ చాలా వడగట్టాడు. 2010లో వచ్చిన సినిమా ముందే చూపించకండి. పర్సీని వయసులో పెద్దవాణ్ణి చేసి కథ రుచే మార్చేశారు. 2023లో మొదలైన డిస్నీ సిరీస్ నయం.

కొనేటప్పుడు అట్ట మీద ‘బుక్ వన్’ చూసి మోసపోకండి, పైన సిరీస్ పేరు చదవండి. మీ అబ్బాయి స్నేహితుడి దగ్గర రెండో సెట్టు ఉందంటే మొదటిదీ ఉండే ఉంటుంది, ముందు అది అడగమనండి. నా డాలరు పుస్తకం ఇంకా అలమరలోనే ఉంది. మా అమ్మాయి తర్వాత మళ్ళీ మొదటి నుంచీ చదివింది గానీ, మొదటిసారి వదిలేసిన పేజీ మూల మడత అలాగే ఉంది. జేసన్ అక్కడ ఇంకా “జూపిటర్” అంటూనే ఉన్నాడు.