సెంటు సీసాలో మత్తుమందు, లిప్‌స్టిక్‌లో పేలుడు

ప్రశ్న: ‘నో వన్ లివ్స్ ఫరెవర్’ అనే కంప్యూటర్ ఆటలో కావలివాళ్ల మాటలకు పడీపడీ నవ్వొస్తుందని మా అన్నయ్య అంటాడు. నాకు తుపాకుల మోత, సైరన్ తప్ప ఏమీ వినిపించడం లేదు. ఎందుకని? (తెనాలి)

జవాబు: తొందరపడుతున్నారు. తలుపు తెరవగానే కాల్చేస్తే ఈ ఆటలోని సగం అందం పోతుంది. మోనోలిత్ సంస్థ తయారుచేయగా 2000లో విడుదలైన ఈ ఆటలో మీరు సెంటు సీసాలో మత్తుమందు, లిప్‌స్టిక్‌లో పేలుడు దాచుకున్న గూఢచారిణి కేట్ ఆర్చర్. ఇందులో హాస్యం ఎక్కువగా శత్రువులు తమలో తాము చెప్పుకునే కబుర్లలోనే ఉంది. ఇద్దరు కావలివాళ్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నారంటే అక్కడ ఒక సంభాషణ ఉందనే లెక్క. ఒకచోట బీరు తాగడానికీ నేరాలు చేయడానికీ ఉన్న సంబంధం గురించి పండితుల్లా వాదించుకుంటారు. మీ అడుగుల చప్పుడు వాళ్ల చెవిన పడిందా, ఆ మాట అక్కడితో సరి.

అందుకని కొత్త గదిలోకి వెళ్లేముందు సేవ్ చేసుకోండి. వంగి నడుస్తూ మూలదాకా వెళ్లి, తల బయటపెట్టకుండా ఆగండి. మాటలు పూర్తయి, వాళ్లు ఎవరి దారిన వాళ్లు కదిలాక మీ పని మొదలుపెట్టండి. అప్పుడు ఒక్కొక్కరే దొరుకుతారు కాబట్టి ఆట కూడా తేలికవుతుంది. దారిలో దొరికే కవర్లు, బ్రీఫ్‌కేసులు వదలొద్దు. వాటిలోని ఉత్తరాలు చదివితేనే హార్మ్ అనే ఆ దుష్టముఠా ఆఫీసు వ్యవహారాలు తెలిసేది. హార్మ్ అంటే పూర్తి పేరు ఏమిటో మాత్రం ఆటలో ఎక్కడా చెప్పరు. కావాలనే దాచారు, వెతికి అలసిపోకండి.

ప్రశ్న: ఎంత నెమ్మదిగా వెళ్లినా అలారం మోగుతోంది. సైలెన్సర్ వాడుతున్నాను కూడా. (నిజామాబాద్)

జవాబు: సైలెన్సర్ మీ తుపాకీ చప్పుడును అణుస్తుందంతే, మీరు వదిలి వచ్చిన శవాన్ని దాచదు. గస్తీ తిరిగేవాడు దాన్ని చూశాడంటే వెతుకులాట మొదలవుతుంది. శవాన్ని మాయం చేసే పొడి మీ సామానులో ఉన్నప్పుడు అందరిమీదా చల్లేయకండి. అది కొద్దిగానే ఉంటుంది. గస్తీ దారిలో పడినవాళ్లకు వాడి, మూలగదుల్లో పడినవాళ్లను వదిలేయండి.

రెండోది, కెమెరాలు. అవి అటూ ఇటూ తిరుగుతుంటాయి. అటు తిరిగినప్పుడు సరిగ్గా వాటి కిందికి చేరితే మీరు వాటికి కనిపించరు. మంచు ఉన్న చోట్ల మీ పాదముద్రలు పట్టుకుని కావలివాళ్లు వెంటాడతారు, అక్కడ వీలైనంతవరకు గట్టినేల మీద నడవండి. చిల్లర నాణెం విసరడం అన్నింటికన్నా చవకైన ఉపాయం: మీరు వెళ్లాల్సిన వైపుకి కాకుండా ఎదుటి మూలకు విసిరితే, వాడు ఆ చప్పుడు వెంట పోతాడు. కుక్కలుంటే రోబో పూడుల్ అనే మరకుక్కను దింపండి, అవి దాని మోజులో పడి మిమ్మల్ని పట్టించుకోవు.

ఇంత చేసినా ఎవడైనా చూసేశాడంటే, మీ మీదికి కాల్చేవాణ్ని కాదు, వెనక్కి తిరిగి పరుగెత్తేవాణ్ని ముందు పడగొట్టండి. వాడు వెళ్లేది అలారం మీట దగ్గరికే.

ప్రశ్న: విమానం నుంచి పడిపోయే చోట ప్రతిసారీ చచ్చిపోతున్నాను. (విశాఖపట్నం)

జవాబు: కథానాయిక కేట్ ఆర్చర్‌కు అక్కడ పారాచ్యూట్ ఉండదు, శత్రువుల వీపున ఉంటుంది. నేల కేసి చూడకండి. దగ్గర్లో పడుతున్నవాణ్ని గురిచూసి కాల్చండి, నడక మీటలతోనే గాలిలో జరుగుతూ అతని దగ్గరికి చేరి పారాచ్యూట్ తీసుకోండి. దూరంగా ఉన్నవాళ్లతో కాల్పులకు దిగితే సమయమంతా అక్కడే అయిపోతుంది. షూటర్ ఆటల్లో ఇంత చమత్కారంగా అల్లిన ఘట్టాలు అరుదు.

ప్రశ్న: పాత సీడీ దొరికింది. విండోస్ 10లో ఆట తెరుచుకుంటుంది కానీ తెర నల్లగా ఉంటోంది, ఒక్కోసారి నడక వింతగా ఉంటోంది. (హైదరాబాద్)

జవాబు: అవి రెండు వేర్వేరు సమస్యలు. ముందు ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టి అందులో ఇన్‌స్టాల్ చేయండి. లేకపోతే సేవ్ ఫైళ్లు రాయడానికి విండోస్ అడ్డుపడవచ్చు. నల్లతెరకు మామూలుగా కారణం ఆట వాడే పాత డైరెక్ట్ఎక్స్, అంటే తెరమీద బొమ్మలు చూపించడానికి విండోస్‌లో ఉండే ఏర్పాటు. ఆ పాత ఏర్పాటును కొత్త కంప్యూటర్లలో నడిపించే డీజీవూడూ 2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని, అందులోని ఎంఎస్ ఫోల్డర్‌లో ఎక్స్86 లోపల ఉన్న డీడ్రా, డీ3డీఇమ్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్లను ఆటను నడిపే లిత్‌టెక్ ఈఎక్స్ఈ ఫైలు ఉన్నచోటే పెట్టండి. చాలామంది పొరబడేది ఇక్కడే: కంప్యూటర్ 64 బిట్‌ది కదా అని ఎక్స్64 ఫైళ్లు పెడతారు. ఆట 32 బిట్‌ది, దానికి అవి పనికిరావు. ఈ ఆట రెండో భాగానికైతే డీ3డీ8 డీఎల్ఎల్ కావాలి.

ఇక నడక సంగతి. ఆటను నడిపే అప్పటి ఇంజిన్ (మూల సాఫ్ట్‌వేర్) ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల వేగాన్ని ఊహించి రాసింది కాదు. సెకనుకు వందల ఫ్రేములు (తెరమీద మారే బొమ్మలు) వస్తే కదలికల లెక్క తప్పుతుంది. ఫ్రేముల వేగాన్ని తెర వేగంతో కలిపే వీసింక్‌ను ఆన్ చేసి సెకనుకు 60 ఫ్రేములకు పరిమితం చేయండి.

ప్రశ్న: ఇంత మంచి ఆట ఆన్‌లైన్ స్టోర్లలో ఎందుకు లేదు? (డాలస్, అమెరికా)

జవాబు: హక్కుల చిక్కు. మొదటి భాగం ప్రచురణకర్త ఫాక్స్ ఇంటరాక్టివ్. అది 2003లో వివెండీ చేతికి వెళ్లింది. వివెండీ ఆటల విభాగం 2008లో యాక్టివిజన్‌తో కలిసింది. ఆట చేసిన మోనోలిత్‌నేమో 2004లో వార్నర్ కొనుక్కుంది. నైట్ డైవ్ అనే సంస్థ 2014లో మళ్లీ విడుదల చేయాలని ప్రయత్నించి, ఈ సంస్థలన్నింటినీ ఒప్పించలేక విరమించుకుంది. 2025లో వార్నర్ మోనోలిత్‌నే మూసేసింది. ఎవరికీ నష్టం లేని పనిని ఇలా ఆపడం అన్యాయం.

ప్రశ్న: రెండో భాగం నేరుగా ఆడొచ్చా? (విజయవాడ)

జవాబు: కథ అర్థమవుతుంది కానీ మొదటిదాని తరవాతే ఆడండి. ఆడదానివి, ఈ పని నీవల్ల ఏమవుతుందని పైఅధికారులు కేట్‌ను చిన్నచూపు చూసిన సంగతి తెలిసివుంటే 2002 నాటి రెండో భాగం ఇంకా రుచిస్తుంది. మనవాళ్లకు ఆసక్తి కలిగించే విషయం ఏమిటంటే, అందులో కొంత భాగం కలకత్తా వీధుల్లో నడుస్తుంది. అరటితొక్క వేసి శత్రువును జారిపడేయడం, సుడిగాలిలో గిరగిరా తిరుగుతున్న ఇంట్లో నింజాతో పోరాటం కూడా ఈ భాగంలోనే.

ఇందులో నైపుణ్యాల పాయింట్లు కొత్తగా వచ్చాయి. వాటిని అన్నింటికీ తలా ఒకటి పంచితే దేనికీ చాలవు. మొదట చాటుగా తిరగడానికీ, వెతకడానికీ పెట్టండి. సొరుగులు, జేబులు వెతకడానికి కొంతసేపు పడుతుంది, ఆ కాస్త సమయంలోనే కావలివాడు వచ్చేస్తాడు. వెతుకులాట త్వరగా అయితే ఎక్కువ రహస్య పత్రాలు చేతికొస్తాయి, వాటితో మళ్లీ పాయింట్లు వస్తాయి. గురి పెంచుకోవడం ఆ తరవాత చూసుకోవచ్చు.